పొట్టు తుడిచే చెయ్యి

మే 19

ఈ నోటుపుస్తకం తీమోన్ మాస్టారు ఇచ్చాడు. పడవ కొలతలన్నీ ఇందులో రాసిపెట్టమన్నాడు, బడిపిల్లలకు పనికొస్తాయట. నేను మిషను బడికి పోయింది రెండేళ్లు. అక్షరాలు వచ్చు. రావని ఎవడూ అనుకోనక్కర్లేదు. కాని పడవ కొలతలు మా నాయన రాయలేదు, ఆయన నాయన రాయలేదు, నేనూ రాయను. పుస్తకం పాడుచెయ్యడం దేనికని గాలీ, పోటూ పాటూ రాసుకుంటాను.

ఇవాళ తూర్పు గాలి. మధ్యాహ్నానికి పోటు.

మే 20

మాస్టారు మళ్లీ వచ్చాడు. రాజధాని తరావా మనిషి, మా దీవికొచ్చి రెండేళ్లయింది. చెట్టుకింద చాప మీద కూర్చుని సంగతంతా చెప్పాడు. వాడి తరగతిలో పిల్లలు నాలుగు జట్లయ్యారు. ఒక జట్టు కల్లు గీత మీద వీడియో తీస్తుంది, ఒకటి బబాయి దుంప గుంటల మీద, ఒకటి మొగలిచాపల మీద. నాలుగోది పడవ మీద. పడవ జట్టులో నా మనవరాలు తబీటా ఉంది. కెమెరా దాని చేతిలోనే.

పిల్లలే తీయాలట, తీసింది వాళ్లే మళ్లీ మళ్లీ చూసుకోవాలట, అర్థం కానిచోట తిరిగొచ్చి అడగాలట. ఆఖరికి తామే చేసి చూసి, అది నిలిచిందో మునిగిందో అదీ తీసి చూపించాలట.

మరి నువ్వేం చేస్తావయ్యా అని అడిగాను.

"నేను నోరు మూసుకుని కూర్చోవాలండీ. అదే అన్నిటికంటే కష్టం" అన్నాడు.

వాడు మంచివాడనే అనుకున్నాను. మంచివాడని రాశాను కూడా. కొట్టెయ్యను, ఉండనీ.

మే 22

పిల్లలు వచ్చారు. ఐదుగురు. నేను తలకు కొబ్బరినూనె రాసుకుని కొత్త లుంగీ కట్టుకున్నాను. రోజూ కట్టుకుంటాను, కెమెరా కోసమని కాదు.

పడవ పాకలో మొదలుపెట్టాను. అడుగుదూలం, పలకలు, పలకను పలకకు కొబ్బరిపీచు దారంతో కుట్టడం. మేకు లేదు, మర లేదు. తబీటా పనిముట్ల పెట్టె మీద ఎక్కి తీసింది. తర్వాత వంపు సంగతికి వచ్చాను. పడవకు ఒక పక్కే తేలే దుంగ ఉంటుంది కదా. ఆ దుంగ నీళ్లను పట్టుకుంటుంది, పడవను తనవైపు లాగుతుంది. అందుకని పడవ పొట్ట కాస్త దుంగవైపుకి ఎక్కువ ఉబ్బేలా కడతాం. అప్పుడు ఆ లాగుడూ ఈ ఉబ్బూ ఒకదాన్నొకటి చంపుకుని పడవ తిన్నగా పోతుంది. ఈ కొన నుంచి ఆ కొనకు దారం లాగి, నడిమధ్య ఆ దారం నుంచి ఎంత వంపో కొలుస్తాం. ఎంత అన్నదే మా ఇంటి లెక్క. ఒక్కో ఇంటికి ఒక్కో లెక్క.

బయటివాళ్లకు చెప్పేది ఒకటి ఉంది. అదే చెప్పాను. రెండు వేళ్లు. దారం దగ్గర రెండు వేళ్లూ ఆనించి చూపించాను. పలక మీది చెక్కపొట్టు తుడిచి మళ్లీ చూపించాను.

ఇంత బాగా చెప్పేవాళ్లు లేరన్నాడు మాస్టారు. నిజమే, లేరు.

మే 24

ఆదివారం. గుడి. గాలి లేదు.

మే 29

మళ్లీ వచ్చారు. ఆ వంపు కొలిచే పని ఇంకోసారి చెయ్యమన్నారు, మెల్లగా. ఎందుకంటే తీసిందాంట్లో తబీటా నీడ పడిందట. చేశాను. ఇంకోసారి పైనుంచి తీస్తామన్నారు. అదీ చేశాను. తబీటా పాక దూలం మీదికి ఎక్కి బొక్కబోర్లా పడుకుని తీసింది. దిగమని తిట్టాను కాని లోపల ముచ్చటేసింది. అది మగపిల్లాడైతే ఎప్పుడో చేతికి బాడిశ ఇచ్చేవాణ్ణి.

నాకు కొడుకు లేడు. కూతురు మెరియాకు ఇదొక్కతే. అల్లుడు ఇయాకోబా ఇంకో దీవివాడు. వాడికీ పడవ ఉంది, పద్నాలుగేళ్ల కిందట నేనే దగ్గరుండి కట్టించాను. అది ఎప్పుడూ దుంగవైపు చూస్తూ పోతుంది. ఏటా స్వాతంత్ర్య దినం పోటీల్లో ఆఖరుది అదే. పక్కచూపుల ఇయాకోబా అని నేనే ఒకసారి ఊరంతా కూడే మనేబాలో అన్నాను, ఊరంతా పట్టుకుంది. వాడూ నవ్వాడు. మెతక మనిషి.

జూన్ 4

బడిపిల్లలు ఆడుకునే పడవలు రెండు చెక్కుతున్నారు, మోచేతి పొడుగువి. కొయ్య నేనే ఇచ్చాను. మంచి కొయ్య.

సాయంత్రం తబీటా ఒక్కతే వచ్చింది. "తాతా, రెండు వేళ్లేనా?" అంది.

రెండే అన్నాను.

"నాన్న పడవక్కూడా రెండేనా?"

రెండే అన్నాను.

"నాకొక్కదానికే చెప్పు. వీడియోలో పెట్టను" అంది.

ఎన్నిసార్లు చెప్పాలే, రెండే అని కసిరాను. సరే అని వెళ్లిపోయింది. ఆ 'సరే' నాకు అప్పుడు నచ్చలేదు. ఇప్పుడు ఇంకా నచ్చడం లేదు.

జూన్ 9

తూర్పు గాలి గట్టిగా. చేప లేదు.

జూన్ 13

మనేబాలో ఇవాళ మధ్యాహ్నం వీడియోలు చూపించారు. చుట్టూ చాపలు దించి చీకటి చేశారు, తెల్లదుప్పటి కట్టారు. ఊరంతా వచ్చింది. నేను మా ఇంటివాళ్ల చోట, మా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఆ చోట మా తాత ముత్తాతలు కూర్చున్నారు.

చాపలవి, దుంపలవి అయ్యాక మాది వచ్చింది. దుప్పటి మీద నేను. మనిషంత తల. జనం చప్పట్లు కొట్టారు. బౌరో వాళ్ల చోట నుంచి కూడా చప్పట్లు వినబడ్డాయి. బౌరోవాళ్లదీ పడవలు కట్టే ఇల్లే. మూడు తరాలుగా మా లెక్క కోసం ముక్కు చాచుకుని తిరిగిన ఇల్లు.

నేను చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా పెట్టారు. రెండు వేళ్లు అన్న మాటా ఉంది.

తర్వాత దీవి లోపలి ఉప్పునీటి మడుగు. నీళ్లమీద ఆటపడవ ఒకటి. పక్కన రంగుతో రాసుంది. తబీటా గొంతు ఆ రాతను చదివింది: "మాట." వదిలారు. పడవ నాలుగు మూరలు పోయి దుంగవైపు తిరిగింది. మళ్లీ వదిలారు, మళ్లీ తిరిగింది. మూడోసారి గుండ్రంగా తిరిగొచ్చి వదిలినవాడి కాళ్లకే తగిలింది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వబోయాను. పిల్లలకు చెక్కడం రాలేదనుకున్నాను.

రెండో పడవ వచ్చింది. "చెయ్యి" అంది దాని గొంతు. వదిలారు. గీత గీసినట్టు పోయింది. కెమెరాకు అందనంత దూరం పోయింది.

అంత తిన్నగా పోవాలంటే ఒక్కటే లెక్క ఉంది.

అప్పుడది అంది, ఊరంతా వింటుండగా, నా మనవరాలు, ముద్దుగా: "తాత నోరు రెండు వేళ్లంటోంది. తాత చెయ్యి ఏమంటోందో చూడండి."

నేను లేచాను. దుప్పటి వంక చూడకుండా, దించిన చాప పైకెత్తి బయటికి వచ్చేశాను. నా వెనకాల ముందు ఎవరో ఒకరు నవ్వారు, తర్వాత అందరూ.

జూన్ 14

గుడికి పోలేదు.

జూన్ 15

ఎవరు చెప్పారు?

నేను చెప్పలేదు. మా అన్న చనిపోయి తొమ్మిదేళ్లు, అతను చెప్పేవాడు కాదు. నా భార్యకు తెలుసు, ఆమె సమాధిలో ఉంది. మెరియాకు తెలియదు, ఆడపిల్లలకు చెప్పం. అయినా ఎవరో చెప్పారు. చెయ్యి చెప్పిందట. చేతికి నోరుంటుందా? ఎవరిదో పేరు దాచడానికి అల్లిన కథ.

మెరియా దుంపా చేపా తెచ్చింది. వెనక్కి పంపాను.

జూన్ 16

మళ్లీ తెచ్చింది. మళ్లీ పంపాను. ఆకలి లేదు.

జూన్ 17

ఆకలి ఉంది. పచ్చి కొబ్బరి తిన్నాను.

జూన్ 18

కల్లు దింపడానికి పోతుంటే దారిలో బౌరో ఎదురయ్యాడు. నాకంటే రెండేళ్లు చిన్న, నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలిచినవాడు కాడు.

"తెవుయా, మీ ఇంటి రెండు వేళ్లకు బొటనవేలు ఎప్పుడు పుట్టిందయ్యా? మాకు పురిటి కబురన్నా చెప్పలేదే" అన్నాడు.

కల్లు ముంత పట్టుకుని ముందుకు నడిచాను. బౌరో మనవలు అప్పుడే పలకలు విప్పుతున్నారట, వచ్చే నెల పన్నెండు పోటీకి వంపు మార్చి కుట్టడానికి. మా ఇంటి వంపు.

మా నాయన చనిపోయేప్పుడు నా చెయ్యి పట్టుకుని అడిగింది ఇదొక్కటే, లెక్క ఇల్లు దాటనివ్వొద్దని. ఇల్లు అడగలేదు, చెట్లు అడగలేదు.

జూన్ 20

మాస్టారు పొగాకు కట్ట పట్టుకుని వచ్చాడు. క్షమించమనడానికి. చాప వెయ్యలేదు. నిలబడే మాట్లాడాడు.

ఇది వీడియో తప్పు కాదట. పిల్లలు మొదట రెండు వేళ్ల లెక్కతో చేశారట, తిరిగిపోయిందట. తామే తప్పు చేశామనుకుని మళ్లీ చెక్కారట, నాలుగుసార్లు. తాత చెప్పింది తప్పు కావడానికి వీల్లేదు, మనకే చెయ్యడం రాలేదు అని తబీటాయే వాళ్లతో పోట్లాడిందట. అప్పుడు వాళ్లు తీసినదాన్ని ముక్కముక్కగా ఆపి చూశారట, మూడు రోజులు. "నా జీవితంలో పిల్లలు ఒక్క విషయాన్ని మూడు రోజులు చూడ్డం చూళ్లేదండీ" అన్నాడు. అంటే నేను సంతోషించాలి కాబోలు.

నీ పిల్లలు చదువుకోడానికి నా ఇంటి దూలమే దొరికిందా అన్నాను.

వాడు తల దించుకున్నాడు. పోతూ పోతూ, ఎవరూ చెప్పలేదు, మీరే ఒకసారి చూడండి అన్నాడు. నా కళ్లు ఆనవు అన్నాను. పొగాకు అక్కడే పెట్టి పోయాడు. ముట్టుకోలేదు.

జూన్ 21

వాన. పొగాకు తడిసిపోతుందని లోపల పెట్టాను. అంతే.

జూన్ 23

ఇవాళ తబీటా పాకలోకి వచ్చింది. ఆకులో చేప చుట్టుకుని తెచ్చి పనిముట్ల పెట్టె మీద పెట్టింది. పది రోజులైంది దాని ముఖం చూసి.

ఎవరు చెప్పారే నీకు అన్నాను. ఎవరూ చెప్పలేదు అంది. ఇంటిదొంగవు నువ్వు, ఊరందరి ముందూ నా నోరు అబద్ధమని చాటావు, రేపు నేను చచ్చినా నా స్తంభం దగ్గర ఎవడూ తలెత్తుకు కూర్చోలేడు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"దొంగని నేనా తాతా? నాన్న కుడిచెయ్యి నెత్తి దాకా లేవదు, నువ్వెప్పుడైనా చూశావా? చొక్కా అమ్మ తొడుగుతుంది. పద్నాలుగేళ్లు ఆ పడవ తిరక్కుండా తెడ్డు నొక్కి పట్టీ పట్టీ భుజం పోయింది. ఊళ్లో పక్కచూపుల ఇయాకోబా అంటారు. ఆ పేరు పెట్టింది ఎవరు?"

నేను బాడిశ అందుకుని పలక చెక్కడం మొదలుపెట్టాను.

"ఆటపడవ తిరుగుతుంటే అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అది అచ్చం నాన్న పడవలా తిరిగింది" అంది.

చేప అక్కడే ఉంది. పిల్లి తిన్నది.

జూన్ 24

వాడి భుజానికి నేనేం చేశాను? ముసలితనం వస్తే ఎవరి భుజమైనా పోతుంది.

వాడికి నలభై.

జూన్ 25

గాలి తూర్పు, కొంచెం ఉత్తరం. పోటు ఎప్పుడొచ్చిందో చూడలేదు.

జూన్ 27

బడికి పోయాను. పిల్లలు లేరు, శనివారం. మాస్టారు ఏమీ అడగకుండా వీడియోలు చూసే ఆ పలకలాంటిది తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించి బయటికి పోయాడు. ఆ మాత్రం మర్యాద ఉంది వాడికి.

చూశాను.

పైనుంచి తీసింది అది, దూలం మీద పడుకుని. నా నెత్తి కనబడుతోంది, కింద దారం, దారం దగ్గర నా రెండు వేళ్లు. నోరు రెండు అంటోంది. తర్వాత చెయ్యి పొట్టు తుడవడానికి కదిలింది. అక్కడ మెల్లగా నడిపించారు. తుడిచే చెయ్యి రెండు వేళ్ల పక్కన ఆగింది. బొటనవేలు మడిచి, కణుపు ఒక్కటి ఆనించి, గోటితో పలక మీద గీత గీసి, అప్పుడు పొట్టు తుడిచింది. తిప్పి తిప్పి చూశాను, మొదటిసారీ అంతే. రెండోసారీ అంతే. మూడోసారీ.

నోటితో రెండు అను, చేత్తో పొట్టు తుడువు. ఇది మా నాయన నేర్పాడు. ఎదురుగా కూర్చున్నవాడికి తుడవడం ఒక్కటే కనబడుతుంది. నూరేళ్లుగా మా ఎదుట కూర్చున్నవాళ్లంతా ఎదురుగానే కూర్చున్నారు. దూలం మీద ఎవరూ పడుకోలేదు.

ఎవరూ చెప్పలేదు. నా చెయ్యే నన్ను అమ్మేసింది. అరవయ్యేళ్లు దానికి తిండి పెట్టాను.

ఆఖర్న నల్లటి దాంట్లో తెల్లక్షరాలు వచ్చాయి. పిల్లల పేర్లు ఐదు. తర్వాత ఇంకో వరుస. కూడబలుక్కుని చదివాను. నేర్పినవాడు: తెవుయా.

ఆ వరుసకు ముందే ఆపేసి ఉంటే బాగుండేది.

జూన్ 28

గుడికి పోయాను. వెనక కూర్చున్నాను.

జూలై 1

రాయాలి. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

పద్నాలుగేళ్ల కిందట ఇయాకోబా నా దగ్గరికి వచ్చాడు. తబీటా అప్పుడు చంకలో బిడ్డ. మామా, పడవ కట్టుకుంటాను, చూపించండి అన్నాడు. ఆరు నెలలు కట్టాడు. నా పాకలోనే, నా బాడిశతోనే. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. వంపు దగ్గరికి వచ్చినప్పుడు దారం లాగి నా ముఖం వంక చూశాడు.

రెండు వేళ్లు అన్నాను.

ఇంకో దీవివాడు, ఏనాటికైనా తన దీవికి పోతాడు, పోతూ మా లెక్క పట్టుకుపోతాడు అనుకున్నాను. పోయాడా? పోలేదు. మొన్నమొన్నటి దాకా నా కల్లు చెట్లు గీసింది వాడే. నా భార్యకు గొయ్యి తీసింది వాడే. ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి, ఈ ఏడు చెబుదాం, పలకలు విప్పి సరిచేద్దాం అని. చెప్పాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి కదా. ఆ మాట నాకు రాలేదు. దానికి బదులు మనేబాలో పేరు పెట్టాను. అందరూ నవ్వితే, పడవ వంకర పోవడం వాడి చేతగానితనం అయిపోయింది.

ఈ పుస్తకంలో కూడా రెండు వేళ్లనే రాశాను, మే 22న. ఎవరు చదువుతారని?

రెండు వేళ్లు, ఒక బొటనవేలి కణుపు. ఇదిగో రాశాను.

జూలై 5

గుడి అయ్యాక ఇయాకోబా పడవ దగ్గరికి పోయాను. వాడు నీడలో కూర్చుని తొడ మీద కొబ్బరిపీచు పేనుతున్నాడు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి ఒళ్లో ఉంది.

కుట్లు వదులయ్యాయి, పడవ విప్పాలి అన్నాను.

"కుట్లు గట్టిగానే ఉన్నాయి మామా."

విప్పాలి అన్నాను.

"పోటీ వారంలోకి వచ్చింది."

ఈ ఏడు పోటీ వద్దన్నాను. వాడు పేనడం ఆపాడు. పడవ వంక చూశాడు, నా వంక చూడలేదు.

"ఆ వీడియో నేను సగమే చూశాను. మీరు లేచినప్పుడే నేనూ లేచి అటు గుమ్మంలోంచి బయటికొచ్చాను" అన్నాడు.

సగం చూసినవాడివి, మిగతా సగం ఏముందో తెలుసా అని అడిగాను.

"తెలుసు. మూడో ఏడే తెలిసింది."

ఏం తెలిసింది అన్నాను.

"బొటనవేలు. మీకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు మీ పడవ నేను తీసుకెళ్లాను కదా. తెడ్డు వదిలేసినా తిన్నగా పోయింది. ఒడ్డుకొచ్చాక దారం లాగి కొలిచాను."

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, కోపమే వచ్చింది. మరి నీది సరిచేసుకోలేదేం, పదకొండేళ్లు గాడిదలా తెడ్డు నొక్కుతూ కూర్చున్నావేం అని అరిచాను.

వాడు నెమ్మదిగా చెప్పాడు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

"సరిచేస్తే పడవ తిన్నగా పోతుంది మామా. పోతే ఊరు అడుగుతుంది, ఇన్నాళ్లూ వంకర ఎందుకు పోయిందని. ఏం చెప్పమంటారు? మా మామ నాకు అబద్ధం చెప్పాడనా?"

మళ్లీ పీచు అందుకున్నాడు.

"నొక్కి పడితే పోతోంది కదా అనుకున్నాను" అన్నాడు.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఎండ కాళ్ల మీదికి వచ్చింది. ఇరవై రోజులుగా ఈ పుస్తకంలో ఎవరు నన్ను మోసం చేశారని లెక్క తీస్తున్నాను. నా పరువును భుజం మీద మోసినవాడు పక్కింట్లో ఉన్నాడు.

ఒక్క మాట అనాల్సింది. అనలేదు. పీచు ఇంకో కట్ట తీసుకుని నేనూ పేనడం మొదలుపెట్టాను.

జూలై 9

తూర్పు గాలి. కుట్లు విప్పుతున్నాం. పద్నాలుగేళ్ల కుట్లు, ఒక్కటీ చెడలేదు. కుట్టినవాడు మంచి పనివాడు. ఈ మాట వాడితో అన్నాను. వాడు ఇంకో కుట్టు విప్పాడు.

జూలై 12

మడుగులో పోటీ. కేకలు పాక దాకా వినబడ్డాయి. బౌరో మనవడి పడవ గెలిచింది, మా వంపుతో. ఇది రాస్తుంటే ఇంకా మండుతోంది. మండనీ.

ఉదయం తబీటా పాక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"పిలిచావట."

దారం ఆ కొన పట్టుకోవాలి అన్నాను.

"కెమెరా తేనా?" అంది. వెటకారమో కాదో తెలియలేదు.

వద్దు, కళ్లు తెచ్చుకో అన్నాను.

లోపలికి వచ్చింది. ఆ పాకలో ఆడపిల్ల దారం పట్టుకోవడం ఇదే మొదలు. మా నాయన చూస్తూ ఉంటే చూడనీ. ఆయన నేర్పిన చేత్తోనే ఈ పని అంతా అయ్యింది.

అది ఒక కొన పట్టుకుంది, నేను ఇంకో కొన. ఇయాకోబాను నడిమధ్య కూర్చోమన్నాను. వాడు నా చెయ్యి కోసం చూశాడు. నా చెయ్యి కాదు, నీది పెట్టు, నడిపేవాడి చేతికే పడవ కొలత అన్నాను. అది నిజం. అది కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వాడు కుడిచెయ్యి ఎడమచేత్తో ఎత్తి పలక మీద పెట్టాడు. రెండు వేళ్లు ఆనించాడు. ఆగాడు. నా వంక చూశాడు, పద్నాలుగేళ్ల కిందట చూసినట్టే.

"బొటనవేలు" అన్నాను. గట్టిగానే అన్నాను, గుమ్మం బయటికి వినబడేలా. "కణుపు మడిచి."

మడిచాడు. తబీటా దారం కదలకుండా పట్టుకుని చూస్తోంది. వాడు గోటితో గీత గీశాడు.

నా చెయ్యి దానంతటది లేచింది, పొట్టు తుడవడానికి. పట్టి తొడ కింద పెట్టుకున్నాను.

గీత మీద పొట్టు అలాగే ఉంది.